కార్-టి కణాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే తయారవ్వాలి

2024 ఏప్రిల్ 4న ఐఐటీ బాంబే ఆవరణలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఒక రక్త క్యాన్సర్ చికిత్సను ప్రారంభించారు. దాని పేరు నెక్స్‌కార్19. రోగి సొంత రక్తంలోంచి కొన్ని కణాలు తీసి, వాటిలో కొత్త జన్యువును చొప్పించి, మళ్లీ అదే రోగికి ఎక్కించే కార్-టి పద్ధతి ఇది. ఇలాంటి చికిత్సకు 2017లో అమెరికాలో పెట్టిన ధర 4,75,000 డాలర్లు. మన దగ్గర తయారైన దాని ధర 2024లో సుమారు 40 లక్షల రూపాయలు. అమెరికా ధరలో దాదాపు పదో వంతుకే తేగలిగాం కనుక మన శాస్త్రవేత్తలను మెచ్చుకుని తీరాలి. అయితే నల్గొండలోనో నంద్యాలలోనో బిడ్డకు రక్త క్యాన్సర్ తిరగబెట్టిందని విన్న తండ్రి ఆ 40 లక్షలను డాలర్లతో పోల్చుకోడు. తన చేతిలోని కార్డు ఎంతవరకు ఆదుకుంటుందో చూసుకుంటాడు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే తరహా పథకం పరిమితి 25 లక్షలు. రెండు చోట్లా ధర కార్డును దాటిపోతోంది.

ఈ తేడాను పూడ్చాలంటే కంపెనీలతో బేరమాడాలని, పథకాల పరిమితి పెంచాలని అంటారు. రెండూ చేయాల్సినవే, కానీ రెండూ సరిపోవు. కార్-టి చికిత్సను మనం ఒక ఖరీదైన మందుగా చూస్తున్నాం. మందంటే ఫ్యాక్టరీలో లక్షల మోతాదులు ఒకేలా తయారై, గోదాముల్లో నిలవ ఉండి, ఎవరికి కావాలంటే వారికి అమ్ముడయ్యేది. ఇక్కడ ప్రతి మోతాదూ ఒకే మనిషి కోసం, ఆ మనిషి రక్తంతోనే తయారవుతుంది. ఇంకొకరికి పనికిరాదు. దీని నడక మందుల ఫ్యాక్టరీ కంటే బ్లడ్ బ్యాంకుకే దగ్గర. బ్లడ్ బ్యాంకులను ఆసుపత్రులు నడుపుతున్నట్టే, ఈ కణాల తయారీనీ ప్రభుత్వ రంగ క్యాన్సర్ ఆసుపత్రులు తమ చేతుల్లోకి తీసుకోవాలన్నది నా వాదన. ఇది ఆదర్శం కోసం చెబుతున్న మాట కాదు. ఒక యూరప్ నగరంలోనూ, మన చిత్తూరు జిల్లా పక్కనే ఉన్న వేలూరులోనూ ఆసుపత్రి లోపలే జరిగి చూపించిన పని.

ముందు జబ్బు సంగతి. ఎముక మూలుగలో తెల్ల రక్తకణాలు ఎదగాల్సిన తీరున ఎదగక, పసిదశలోనే ఆగి, విపరీతంగా పెరిగిపోవడమే అక్యూట్ లుకేమియా. అవి మూలుగంతా నిండిపోయేసరికి ఎర్ర కణాలకూ ప్లేట్‌లెట్లకూ చోటుండదు. జ్వరం, పాలిపోవడం, ఒంటి మీద నీలం మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం... వారాల్లో ప్రాణం మీదికొస్తుంది. ఇందులో లింఫోబ్లాస్టిక్ రకం, అంటే ఏఎల్ఎల్, పిల్లలకొచ్చే క్యాన్సర్లన్నింటిలోకీ ఎక్కువగా కనిపించేది. పెద్దల్లో ఎక్కువగా వచ్చేది మైలాయిడ్ రకం, ఏఎంఎల్. ఈ రెంటి మధ్య తేడా తర్వాత అవసరమవుతుంది.

ఈ జబ్బు చరిత్రలో తెలుగువాడి పేరు మొదటి పుటలోనే ఉంది. 1947 చివర్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఎక్కించిన అమినోప్టెరిన్, లెడర్లే ప్రయోగశాలల్లో మన భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లల సంగతి ప్రకటించారు. వారిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్నాళ్లే. తర్వాత మళ్లీ వచ్చింది. అప్పటిదాకా తగ్గడమన్నదే ఎరగని జబ్బు అది. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ ఏఎల్ఎల్ పిల్లలు వాడుతున్న మందు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అనేక మందులను కలిపి, రెండేళ్లకు పైగా వాడే పద్ధతి కుదిరాక, సంపన్న దేశాల్లో నూటికి 90 మంది పిల్లలు బతుకుతున్నారు. తిరగబెట్టిన పిల్లల సంగతి మాత్రం వేరు. కీమోకు లొంగని కణాలే మిగిలి ఉంటాయి కనుక రెండోసారి అవే మందులు అంతగా పనిచేయవు. మూలుగ మార్పిడి చేయాలంటే ముందు జబ్బును అణచాలి, సరిపడే దాత దొరకాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి కుదరని పిల్లల కోసమే కార్-టి వచ్చింది.

మన ఒంట్లో టి-కణాలు వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతాయి. లుకేమియా కణాలను మాత్రం చాలాసార్లు తమవే అనుకుని వదిలేస్తాయి. యాంటీబాడీకి ఉన్న పట్టుకునే కొనను టి-కణానికి అతికిస్తే ఏమవుతుందన్నది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్‌హార్ వేసుకున్న ప్రశ్న. 1989లో ఆయన బృందం అది సాధ్యమని చూపించింది. కానీ అలా మార్చిన కణాలు శత్రువును గుర్తుపట్టేవే గానీ ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేవి కావు. న్యూయార్క్‌లో మిషెల్ సాడెలెన్, మెంఫిస్‌లో డారియో కంపానా వంటివారు కణం లోపలి వైపున ఇంకో సంకేత భాగాన్ని జోడించాక అవి ఒంట్లో పెరగడం, నిలవడం మొదలైంది. బయట పట్టే చెయ్యి, లోపల ఉసిగొలిపే సంకేతం, రెండూ ఒకే అణువులో కలిసి ఉన్న ఈ గ్రాహకానికే కార్ అని పేరు.

ఆ చెయ్యి పట్టేది దేన్ని? సీడీ19 అనే ప్రొటీన్‌ను. బి-కణాలన్నింటి పైనా, వాటి నుంచి పుట్టే లుకేమియా కణాల పైనా అది ఉంటుంది. కార్-టి కణాలు మంచి బి-కణాలను కూడా చంపేస్తాయి. అయినా మనిషి బతకగలడు. బి-కణాలు చేసే యాంటీబాడీలను బయటి నుంచి ఎక్కించవచ్చు. ఈ చికిత్స మొత్తం ఈ ఒక్క వెసులుబాటు మీదే నిలబడింది.

తయారీ కొంచెం వివరంగా చూద్దాం, ధర ఎక్కడి నుంచి వస్తోందో అందులోనే తెలుస్తుంది. ప్లేట్‌లెట్లు సేకరించే యంత్రం లాంటి దానితోనే కొన్ని గంటల పాటు రోగి రక్తాన్ని తిప్పి తెల్లకణాలు తీస్తారు. టి-కణాలను వేరుచేసి, మేల్కొలిపి, హెచ్ఐవీ కుటుంబానికి చెందిన, హాని చేయకుండా మార్చిన వైరస్ ద్వారా కార్ జన్యువును లోపలికి పంపిస్తారు. కోట్ల సంఖ్యకు పెరిగేదాకా పెంచుతారు. సూక్ష్మజీవులు చేరలేదని, జన్యువు సరిగ్గా చేరిందని పరీక్షిస్తారు. ఈలోగా రోగికి ఫ్లుడరబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇచ్చి పాత తెల్లకణాలను తగ్గిస్తారు. ఆ తర్వాత ఒక చిన్న సంచిలోని కణాలను నరంలోకి ఎక్కించడం నిమిషాల పని. అత్యంత ఖరీదైనవి మూడు: ఆ వైరస్, అతి శుభ్రమైన గదులు, శిక్షణ ఉన్న మనుషులు. వైరస్‌ను బయటి దేశం నుంచి కొనకుండా ఇక్కడే తయారుచేసుకోవడం మన దగ్గర ధర తగ్గడానికి ఒక ముఖ్య కారణం.

2012 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకు ఈ కణాలను ఎక్కించారు. ఏఎల్ఎల్ రెండుసార్లు తిరగబెట్టిన పాప. ఈ చికిత్స పొందిన తొలి చిన్నారి ఆమే. కొద్ది రోజుల్లో విపరీతమైన జ్వరం, బీపీ పడిపోవడం, వెంటిలేటర్. బతకదనుకున్నారు. రక్త పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం అసాధారణంగా పెరిగి ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కార్ల్ జూన్ కూతురికి కీళ్లవాతం ఉండేది. అందువల్ల ఆ పదార్థాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ గురించి ఆయనకు తెలుసు. పాపకు అది ఇచ్చారు. గంటల్లో తేరుకుంది. పదేళ్ల తర్వాత కూడా ఆమెలో క్యాన్సర్ జాడ లేదు. ఆ ఒక్క పాప ఆ రోజు చనిపోయి ఉంటే ఈ పరిశోధన ఎన్నేళ్లు వెనకబడేదో ఊహించవచ్చు.

టోసిలిజుమాబ్ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కొవిడ్ రెండో ఉద్ధృతిలో ఒక్క ఇంజెక్షన్ కోసం ఊళ్లకు ఊళ్లు తిరిగిన కుటుంబాలు ఎన్నో. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్‌కు చెందిన హెటిరో దాని బయోసిమిలర్‌కు అత్యవసర అనుమతి పొందింది. కార్-టి చేసే ఏ ఆసుపత్రిలోనైనా ఈ మందు మంచం పక్కనే సిద్ధంగా ఉండాలి. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సైటోకైన్ల ఉప్పెన అర్ధరాత్రి వస్తే తెల్లారేదాకా ఆగదు.

ఇక ఫలితాలు. 2017 ఆగస్టు 30న అమెరికా ఎఫ్‌డీఏ నోవార్టిస్ వారి టిసాజెన్‌లెక్‌ల్యూసెల్‌ను 25 ఏళ్లలోపు ఏఎల్ఎల్ రోగులకు అనుమతించింది. దానికి ఆధారమైన పరీక్షలో 75 మందికి కణాలు ఎక్కించగా మూడు నెలల్లోపు 81 శాతం మందిలో జబ్బు కనుమరుగైంది. అన్ని దారులూ మూసుకుపోయిన రోగుల్లో ఇంతటి ఫలితం అంతకుముందు లేదు. ఈ అంకెను మన ప్రచార ప్రకటనల్లో తరచూ చూస్తాం. దాని పక్కన ఇంకో రెండు అంకెలు కూడా వేయాలి. ఆ పరీక్షలో చేరినవారు 92 మంది. కణాలు తయారయ్యేలోగా చనిపోయినవారు, తయారీ విఫలమైనవారు ఆ 75లో లేరు. రెండోది, కణాలు ఎక్కించుకున్నవారిలో ఏడాది తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు సుమారు సగం. తయారీకి పట్టే కాలం రోగి ప్రాణంతో నేరుగా ముడిపడి ఉందని మొదటి అంకె చెబుతోంది. అక్యూట్ లుకేమియా రోగికి మూడు వారాల నిరీక్షణ కూడా చాలా ఎక్కువ కాలం. కణాలను విమానంలో దూరపు ఫ్యాక్టరీకి పంపి తెప్పించే పద్ధతి మీద నాకున్న మొదటి అభ్యంతరం ఖర్చు గురించి కాదు, ఈ కాలం గురించి.

తిరగబెట్టడానికి కారణాలు రెండు. ఒకటి, కార్-టి కణాలు ఒంట్లోంచి త్వరగా కనుమరుగవడం. రెండు, లుకేమియా కణాలు సీడీ19ను వదిలించుకుని దాక్కోవడం. పెన్సిల్వేనియాలో ఒక యువకుడి విషయంలో ఇంకా దారుణం జరిగింది, దాన్ని 2018లో ప్రకటించారు. తయారీ సమయంలో టి-కణాల మధ్య ఉండిపోయిన ఒకే ఒక్క లుకేమియా కణంలోకి కార్ జన్యువు చేరింది. ఆ కార్ తన పక్కనే ఉన్న సీడీ19ను పట్టుకుని కప్పేసింది. చికిత్స కణాలకు ఇక అది కనిపించలేదు. ఆ ఒక్క కణం నుంచే జబ్బు మళ్లీ పెరిగి ఆ యువకుడు చనిపోయాడు. తయారీ శుద్ధి విషయంలో రాజీ పడకూడదనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ అక్కర్లేదు. ఆసుపత్రుల్లో తయారీని సమర్థించే నాలాంటివారు దీన్ని ముందు గుర్తుపెట్టుకోవాలి.

మైలాయిడ్ రకానికి మాత్రం ఈ దారి ఇంకా తెరుచుకోలేదు. ఏఎంఎల్ కణాల పైన ఉండే సీడీ33, సీడీ123 లాంటి ప్రొటీన్లు మూలుగలోని మంచి మూలకణాల పైన, వాటి సంతతి పైన కూడా ఉంటాయి. వాటిని గురిపెడితే రక్తం పుట్టే చోటే ఎండిపోతుంది. బి-కణాలు లేకుండా బతికినట్టు మూలుగ లేకుండా బతకలేం. మూలకణాల్లోంచే సీడీ33ను కత్తిరించి, ఆ తర్వాత గురిపెట్టే ప్రయత్నాలు జరిగాయి గానీ, ఏఎంఎల్‌కు అనుమతి పొందిన కార్-టి నేటికీ లేదు. 'రక్త క్యాన్సర్‌కు కొత్త చికిత్స' అని ఒకే మాటలో రాసేసినప్పుడు ఏఎంఎల్ రోగి కుటుంబం కూడా ఆశపడి నగరానికి పరుగెత్తుకొస్తుంది. పత్రికల వాళ్లం, ఆసుపత్రుల వాళ్లు ఏ రకానికి అన్నది మొదటి వాక్యంలోనే చెప్పడం అలవాటు చేసుకోవాలి.

టి-కణాల నుంచే పుట్టే ఏఎల్ఎల్‌ది ఇంకో చిక్కు. అక్కడ చంపేదీ టి-కణమే, చావాల్సిందీ టి-కణమే. కార్-టి కణాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో వసీమ్ ఖాసిమ్ బృందం దాత టి-కణాల్లోని డీఎన్‌ఏ అక్షరాలను కత్తిరించకుండానే మార్చి, ఈ గొడవ లేకుండా చేసింది. 2022 మేలో అలిస్సా అనే 13 ఏళ్ల బాలికకు ఆ కణాలను మొదటిసారి ఎక్కించారు. నెలలోపే జబ్బు కనుమరుగై, మూలుగ మార్పిడికి దారి దొరికింది. అప్పటికి ఆమెకు మిగిలిన వేరే చికిత్స ఏదీ లేదు.

మన సంగతికి వద్దాం. 2021 జూన్ 4న ముంబయిలో టాటా మెమోరియల్ వారి ఆక్ట్రెక్ కేంద్రంలో దేశంలో తొలిసారి కార్-టి కణాలు ఎక్కించారు. ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్ ప్రయోగశాల తయారుచేసింది. టాటా మెమోరియల్ వైద్యులు పరీక్షించారు. అక్కడి నుంచి పుట్టిన ఇమ్యునోయాక్ట్ సంస్థకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2025లో లాన్సెట్ హెమటాలజీలో వచ్చిన ఫలితాల ప్రకారం 64 మందికి చికిత్స చేశారు. ఫలితం లెక్కగట్టగలిగిన 51 మందిలో 73 శాతం మందికి జబ్బు తగ్గింది. చికిత్స కారణంగా ఇద్దరు చనిపోయారు. బాగున్న ఫలితాలే. కానీ ఆ 51 మందిలో 36 మందివి లింఫోమాలు, అంటే లసిక గ్రంథుల క్యాన్సర్లు. ఏఎల్ఎల్ రోగులు 15 మందే. పైగా 2023 నాటి అనుమతి 15 ఏళ్లు నిండినవారికి. ఏఎల్ఎల్ ఎక్కువగా వచ్చేది ఆ వయసు లోపువారికి. పిల్లల్లో పరీక్షలను వేగంగా పూర్తిచేయడం, అందులో తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులను కలుపుకోవడం ఎంత అవసరమో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

ఈ ప్రయాణానికి డబ్బు ఎవరిది? ఐఐటీ ప్రజల సొమ్ముతో నడుస్తుంది. టాటా మెమోరియల్ కేంద్ర అణుశక్తి విభాగం కిందిది. తొలి పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ సుమారు 19 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2021లో హైదరాబాద్‌కు చెందిన లారస్ ల్యాబ్స్ ఇమ్యునోయాక్ట్‌లో నాలుగో వంతుకు పైగా వాటా కొన్నది. ప్రైవేటు పెట్టుబడి రావడం తప్పేమీ కాదు. అది రాకపోతే ప్రయోగశాల నుంచి మార్కెట్‌కు చేరేది కాదు. అయితే మొదటి, అత్యంత అనిశ్చితమైన మెట్లన్నీ ప్రజాధనంతో ఎక్కిన చికిత్స ఇది. అలాంటప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాడే మోతాదులకు అసలు ఖర్చుకు దగ్గరైన ధర ఉండాలని అడిగే హక్కు ప్రభుత్వాలకు ఉంది. పరిశోధనకు నిధులిచ్చే ఒప్పందంలోనే ఆ షరతు రాసుకోవాలి. చికిత్స మార్కెట్‌కు వచ్చాక అడిగితే బలం ఉండదు.

బార్సిలోనా నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఆ నగరంలోని హాస్పిటల్ క్లినిక్ అనే ప్రభుత్వ ఆసుపత్రి సొంతంగా కార్-టి కణాలను రూపొందించింది. లుకేమియాతో చనిపోయిన అరి అనే అమ్మాయి పేరు దానికి పెట్టారు. ఆమె తల్లి ప్రజల నుంచి విరాళాలు సేకరించి ఆ ప్రాజెక్టును నిలబెట్టింది. ఆసుపత్రి తన రోగుల కోసం తానే తయారుచేసుకునే ఇలాంటి చికిత్సలకు యూరప్ చట్టంలో 2007 నుంచే ప్రత్యేక మినహాయింపు ఉంది. 2021 ఫిబ్రవరిలో స్పెయిన్ ఔషధ నియంత్రణ సంస్థ ఆ దారిలో 25 ఏళ్లు పైబడిన ఏఎల్ఎల్ రోగులకు దాన్ని అనుమతించింది. ధర సుమారు 90 వేల యూరోలు, కంపెనీల ధరలో మూడో వంతుకు లోపే. నియంత్రణ సంస్థ కళ్లు మూసుకోలేదు. ఫలితాలు, దుష్ఫలితాలు ఎప్పటికప్పుడు సమర్పించాలని షరతు పెట్టింది. అదే కణం తర్వాత లైసెన్సుపై బెంగళూరులోని ఇమ్యునీల్ సంస్థకు వచ్చి, 2025 జనవరిలో లింఫోమా చికిత్సగా మన మార్కెట్‌లోకి అడుగుపెట్టింది.

వేలూరు ఇంకా దగ్గరి ఉదాహరణ. చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి తరతరాలుగా రోగులు వెళుతున్న క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, ఐసీఎంఆర్ తోడ్పాటుతో, కణాలను ఆసుపత్రి లోపలే ఒక మూసిన యంత్రంలో సుమారు 9 రోజుల్లో తయారుచేశారు. గడ్డకట్టించి రవాణా చేయాల్సిన పని లేకుండా తాజాగా ఎక్కించారు. పది మందితో జరిగిన చిన్న పరీక్ష అది. చేరిన ఏఎల్ఎల్ రోగులందరికీ ఫలితం కనిపించింది. పది మందిని చూసి పెద్ద తీర్మానాలు చేయలేం. తయారీ సాధ్యమా కాదా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరికింది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. ప్రతి ఆసుపత్రీ తనకు తోచినట్టు జన్యువులు మారిస్తే ఎలా? మూలకణాల పేరుతో నిరాధారమైన చికిత్సలు అమ్మిన క్లినిక్‌లను మన నగరాల్లో చూశాం. రేపు కార్-టి పేరుతోనూ అదే జరగొచ్చు. అందుకే నేను అడుగుతున్నది అందరికీ తలుపులు తెరవమని కాదు. వైరస్ తయారీ దేశంలో రెండు మూడు ప్రభుత్వ కేంద్రాల్లోనే జరగాలి, ప్రతి విడతకూ ఒకే రకం పరీక్షలు ఉండాలి. ఆ వైరస్‌తో కణాలను మార్చి పెంచే పని మాత్రం మూలుగ మార్పిడి అనుభవం, పిల్లల ఐసీయూ, ఇరవైనాలుగు గంటల ల్యాబు ఉన్న కొన్ని ఆసుపత్రులకు అప్పగించాలి. మన ఔషధ చట్టంలో ఈ మధ్యేమార్గానికి స్పష్టమైన అధ్యాయం రాయాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఆ అర్హత ఉన్న, లేదా త్వరలో సంపాదించగల సంస్థలు ఉన్నాయి. హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో టాటా మెమోరియల్ నడిపే హోమీభాభా ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్. రెండు రాష్ట్రాలూ చెరొకచోట మొదలుపెడితే చాలు. భవనాల కన్నా మనుషులు ముఖ్యం. కణాలను పెంచే సాంకేతిక నిపుణులు, ఉప్పెన లక్షణాలను తొలి గంటలోనే పసిగట్టే నర్సులు కావాలి. రాత్రి డ్యూటీ నర్సు జ్వరం పట్టిక సరిగ్గా చదవకపోతే ఎంత గొప్ప కణమైనా రోగిని కాపాడదు. ఈ శిక్షణ కోసం ఏడాదిపాటు వేలూరుకో ముంబయికో సిబ్బందిని పంపడం కోట్ల రూపాయల యంత్రం కొనడం కంటే ముందు జరగాలి.

చెల్లింపు పద్ధతీ మారాలి. ఆరోగ్యశ్రీ తరహా పథకాలు ఒక్కో చికిత్సకు ఇంత అని ప్యాకేజీ కట్టి ఇస్తాయి. కార్-టికి అది నప్పదు. ఒక రోగి పది రోజుల్లో ఇంటికెళతాడు, ఇంకొకరు నెల ఐసీయూలో ఉంటారు. అమెరికాలో టిసాజెన్‌లెక్‌ల్యూసెల్ వచ్చినప్పుడు, మొదటి నెలలో ఫలితం కనిపించకపోతే డబ్బు తీసుకోబోమని నోవార్టిస్ కొన్ని ఆసుపత్రులతో ఒప్పుకుంది. బహుళజాతి కంపెనీ అక్కడ ఒప్పుకున్న షరతును మన ప్రభుత్వాలు ఇక్కడి కంపెనీలను ఎందుకు అడగకూడదు? ఒక నెల కాదు, ఆరు నెలలకు అడగాలి. సగం ముందు, మిగిలింది ఆరో నెల మూలుగ పరీక్ష తర్వాత.

ఖర్చు ఇంటికెళ్లాక కూడా ఆగదు. బి-కణాలు పోయిన రోగికి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇమ్యునోగ్లోబులిన్, అంటే యాంటీబాడీలు, ఎక్కించాలి. అంటురోగాల భయం ఎప్పుడూ ఉంటుంది. ఈ ఖర్చును లెక్కలో చేర్చని పథకం రోగిని సగం దారిలో దించేసినట్టే.

ఇదంతా చెబుతూనే ఒక హెచ్చరిక చేయాలి. కార్-టి తళుకులో మొదటి చికిత్సను నిర్లక్ష్యం చేస్తే మనం నష్టపోతాం. మన దేశంలో ఏఎల్ఎల్ పిల్లలు చనిపోతున్నది ఎక్కువగా కొత్త చికిత్సలు అందక కాదు. ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం, కీమో మధ్యలో ఇన్ఫెక్షన్లు, రానుపోను ఖర్చులు భరించలేక చికిత్స మానేయడం వంటివే ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రెండేళ్ల పాటు బిడ్డను తీసుకొచ్చే తల్లికి బస్సు చార్జీ, ఉండటానికి గది, కూలి పోయిన రోజులకు కొంత డబ్బు ఇస్తే చాలామంది పిల్లలకు కార్-టి అవసరమే రాదు. పైగా టి-కణాలను లుకేమియా కణాల దగ్గరికి లాక్కొచ్చే బ్లినటుమోమాబ్ అనే మందును మొదటి చికిత్సలోనే కలిపితే, సాధారణ ముప్పు ఉన్న పిల్లల్లో మూడేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు 88 నుంచి 96 శాతానికి పెరిగినట్టు 2024 చివర్లో వచ్చిన పెద్ద పరీక్ష చూపించింది. సీసాలో దొరికే మందు కనుక దాన్ని ఏ జిల్లాకైనా పంపవచ్చు. దాని ధర మీద బేరం కార్-టి మీద బేరం కంటే ఎక్కువ మందిని కాపాడవచ్చు. రెండింటికీ ఒకే బడ్జెట్ నుంచి కోత పెట్టుకునే పరిస్థితి వస్తే నేను మొదటి చికిత్స వైపే నిలబడతాను.

చివరిగా, చికిత్స తర్వాతి ఏళ్ల సంగతి. కార్-టి పొందిన కొందరిలో టి-కణాల క్యాన్సర్లు కనిపించడంతో 2024 జనవరిలో ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక చేర్చమంది. చాలా అరుదైన ప్రమాదమే. దాని కోసం చికిత్స ఆపనక్కర్లేదు. రోగులను 15 ఏళ్లపాటు గమనించాలన్నది మాత్రం అక్కడి నియమం. మన దగ్గర చికిత్స పొందిన శ్రీకాకుళం కుర్రాడు పెళ్లి చేసుకుని, పని కోసం చెన్నైకో దుబాయ్‌కో వెళ్లిపోతాడు. పదో ఏట ఏమైందో ఎవరికి తెలుస్తుంది? రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే రిజిస్ట్రీ పెట్టి, ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసినవాటితో సహా ప్రతి రోగినీ అందులో నమోదు చేయాలి. ఎక్కించిన కణాల నమూనాలో కొంత భాగాన్ని భద్రపరచాలి. తర్వాత ఎప్పుడో సందేహం వస్తే పోల్చి చూడటానికి ఆ నమూనా ఒక్కటే ఆధారం, కనుక ఈ నమోదు మొదటి రోగితోనే మొదలవ్వాలి.